ముందు ఒప్పందం, తర్వాతే కోర్టు

ఫ్యామిలీ కోర్టులో లాయరును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. చాలామందికి ఈ మాట వింతగా ఉంటుంది గానీ, 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ చెప్పేది ఇదే. భార్యాభర్తలు స్వయంగా వచ్చి తమ గోడు తామే చెప్పుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. లాయరు కావాలంటే జడ్జిగారి అనుమతి తీసుకోవాలి. చట్టపరంగా చిక్కు ఎదురైతే కోర్టే ఒక న్యాయవాదిని తనకు సాయంగా పిలుచుకుంటుంది. ఆచరణలో మాత్రం దాదాపు ప్రతి కేసులోనూ వకాల్తా పడుతుంది. అనుమతి పిటిషను కూడా దాని వెంటే నడిచిపోతుంది. అందుకే బుక్కరాయసముద్రంలో ఈ మాట ఎత్తితే, "లాయరు లేకుండా కోర్టు మెట్లు ఎక్కనిస్తారా?" అని ఎదురడుగుతారు. ఎక్కనిస్తారు. అది మీ కోసం కట్టిన కోర్టే.

దాని వెనుక ఒక తెలుగావిడ ఆలోచన ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి, అక్కడి కుటుంబ కోర్టుల పనితీరు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూకు చెప్పారు. పేరున్న న్యాయమూర్తులతో చర్చించారు. ఆమెకు ఎనిమిదేళ్ల వయసులో పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు, తండ్రి అండగా నిలిచారు. తర్వాత చదువుకుని, తానే లాయరై, పెళ్లి గొడవల్లో ఆడవాళ్లు ఎంత నలిగిపోతారో దగ్గర నుంచి చూశారు. అలాంటి మనిషి అడిగిన కోర్టు ఆమె పోయిన మూడేళ్లకు చట్టమైంది. అనంతపురంలో కూడా ఇప్పుడు ఫ్యామిలీ కోర్టు ఉంది. బుక్కరాయసముద్రం నుంచి ఆటో ఎక్కితే చేరుకునేంత దూరం.

ఇక అసలు మాట. లాయరు లేకుండా విడాకులు సాధ్యమే. కానీ అవి కోర్టు గదిలో తేలవు, అంతకు ముందే మీ ఇద్దరి మధ్యా తేలాలి. డబ్బు, బంగారం, పిల్లలు, అప్పులు అన్నీ కాగితం మీద తేల్చుకుని వచ్చిన జంటకు కోర్టులో పని తక్కువ. ఒక్కటి తేలకుండా మిగిలినా, అదే పెరిగి కేసు నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి ఈ అధ్యాయంలో కోర్టు గురించి కంటే, కోర్టుకు వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని గురించే ఎక్కువ చెబుతాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇంట్లో కొట్టడం ఉంటే, చంపుతానని బెదిరింపు ఉంటే, సంతకం పెట్టకపోతే పిల్లల్ని చూడనివ్వం అని ఒత్తిడి ఉంటే, ఈ అధ్యాయం మీకు కాదు. ముందు 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగొచ్చు. భయపడి పెట్టిన సంతకాన్ని చట్టం అంగీకారం అనదు.

బాండు పేపరు మీద తెగేవి కావు

మన మండలంలో విడాకులంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది పంచాయితీ. రెండువైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. "కోర్టుకు పోతే ఏండ్లు పడుతుందప్పా, ఈడనే తెంచేసుకోండి" అంటారు. వంద రూపాయల బాండు పేపరు తెస్తారు. "ఈ రోజు నుంచి ఒకరికొకరు సంబంధం లేదు, ఎవరి దారి వారిది" అని రాస్తారు. ఇద్దరూ సంతకం పెడతారు, నలుగురు సాక్షులు పెడతారు, ఒక నోటరీ ముద్ర పడుతుంది. అందరూ కాఫీ తాగి లేస్తారు. ఆ కాగితం చూసి విడాకులు అయిపోయాయనుకుంటారు.

అవ్వలేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు ఇచ్చేది కోర్టు ఒక్కటే. ఒక్క మినహాయింపు ఉంది. 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కులాచారం ప్రకారం తెగదెంపులు చేసుకునే పాత హక్కును కాపాడింది. మారుమనువు ఆనవాయితీగా ఉన్న కులాలు రాయలసీమలో చాలానే ఉన్నాయి. అయితే ఆ ఆచారం తరతరాలుగా, ఎడతెగకుండా ఉందని రుజువు చేయాల్సింది మీరే. అలా చెప్పుకోవడమే చాలదని, ఆచారాన్ని పిటిషనులో రాసి రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ కేసులో గట్టిగా చెప్పింది. బాండు పేపరును నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే, మొదటి భార్యో భర్తో ఫిర్యాదు ఇచ్చిన రోజు ఆ నేరానికి కేసు పడుతుంది. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ రెండో భార్యకు చట్టం దృష్టిలో పెళ్లే ఉండదు. పిల్లలకు మాత్రం చట్టం ఆ మచ్చ అంటనివ్వదు. ఏ తప్పూ లేని ఆ రెండో ఆవిడ గురించే నాకు ఎక్కువ బాధ. పెళ్లి చూపుల రోజున ఆమెకు ఎవరో ఆ బాండు పేపరే తీసి చూపించి ఉంటారు.

పంచాయితీ పనికిరాదని నేననను. పెద్దలు కూర్చుని డబ్బు సంగతి, సామాను సంగతి తేల్చిపెడితే అది చాలా మేలు. కాకపోతే ఆ కాగితం అక్కడితో ఆగకూడదు, అదే కోర్టుకు నడవాలి. పెద్దలు చెప్పే ఇంకో మాట "సర్దుకుపోమ్మా." బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో దాన్ని కావ్యంగా రాశారు. ఊరి కోసం ఆ కోడలు చేసింది మహా త్యాగం. దాన్ని తెచ్చి, ఇంట్లో తన్నులు తింటున్న పిల్లకు ఆదర్శంగా చూపించడం మాత్రం ఆ కథకు చేసే అన్యాయం. చెరువు తెగినప్పుడు ఒక మాట, కాపురం తెగినప్పుడు ఇంకో మాట.

మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1949లోనే ఈ జిల్లా హిందువులకు విడాకుల చట్టం వచ్చింది. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం రావడానికి ఆరేళ్ల ముందు. అంటే మన తాతల కాలం నుంచే ఈ దారి ఉంది. ఇది కొత్తగా పట్నం నుంచి వచ్చిన జాడ్యమేమీ కాదు.

ఒప్పందం ఎలా రాసుకోవాలి

ఇద్దరికీ ఇష్టమైతే దారి హిందూ వివాహ చట్టంలోని 13-బి సెక్షన్, పరస్పర అంగీకార విడాకులు. 1976లో చట్టంలోకి వచ్చింది. దానికి కావాల్సినవి మూడే. ఏడాది లేదా అంతకు మించి విడిగా ఉండాలి, కలిసి బతకలేకపోయి ఉండాలి, విడిపోవాలని ఇద్దరూ ఒప్పుకోవాలి. విడిగా ఉండటమంటే వేరే ఊళ్లో ఉండటమని కాదు. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అది కూడా విడిగా ఉండటమేనని 1991లో సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు మంచి, ఎవరు చెడు అని నిరూపించే పని ఇందులో లేదు. నన్నడిగితే ఈ దారిలోని గొప్ప సుఖం అదే. ఒకరి మీద ఒకరు రాసిన ఆరోపణలు కోర్టు కాగితాల్లో ఉండిపోయి, రేపు పిల్లలు పెద్దయ్యాక చదవాల్సిన అవసరం రాదు.

ఒక నోటు పుస్తకం తీసుకుని కూర్చోండి. మొదటి పేజీ పిల్లలది. ఎవరి దగ్గర ఉంటారు, రెండోవాళ్లు ఎప్పుడు చూస్తారు, దసరా సంక్రాంతి సెలవులు ఎక్కడ, ఎండాకాలం సెలవులు ఎక్కడ, స్కూలు ఫీజు ఎవరు కడతారు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది. "నెలకోసారి చూడనిస్తాం" అని రాస్తే గొడవకు తలుపు తెరిచినట్టే. "ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, తల్లి ఇంటి నుంచి తీసుకెళ్లి అక్కడే దింపాలి" అని రాయండి. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నది చట్టం. పిల్లల పోషణ ఖర్చు పిల్లల హక్కు. "నాకేమీ వద్దు" అని తల్లి తన వరకు రాసుకోవచ్చేమో గానీ, పిల్లల తరఫున దాన్ని వదిలేయడానికి ఆమెకు గానీ తండ్రికి గానీ హక్కు లేదు. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన తండ్రి ఆస్తిలో పిల్లల వాటా పోదు.

రెండో పేజీ బంగారం, సామాను. పుట్టింటివాళ్లు పెట్టినది, అత్తింటివాళ్లు పెట్టినది, పెళ్లిలో చదివింపులుగా వచ్చినది ఆడమనిషికి స్త్రీధనం. "బంగారం మొత్తం తిరిగి ఇచ్చారు" అని ఒక ముక్క రాయకండి. గొలుసు, గాజులు, కమ్మలు విడివిడిగా, తూకంతో రాయండి. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. ఆ బంగారం చాలా ఇళ్లలో బీరువాలో ఉండదు, బ్యాంకులోనో ఫైనాన్సులోనో తాకట్టులో ఉంటుంది. వానల్లేక వేరుశనగ పోయిన ఏడాది కుదువ పెట్టినది వడ్డీ మీద వడ్డీ ఎక్కి కూర్చుని ఉంటుంది. తాకట్టు రసీదు ఎవరి పేరున ఉంది, విడిపించేది ఎవరు, ఏ తేదీలోగా అన్నది తేలకుండా సంతకం పెట్టకండి.

మూడో పేజీ అప్పులు. దీన్ని మర్చిపోయినవాళ్లే ఎక్కువ. ఆమె పేరున డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు ఆయన బోరుకు ఖర్చయి ఉంటుంది. ఆయన పాసు పుస్తకం మీద తీసుకున్న పంట రుణానికి ఆమె జామీను సంతకం ఉంటుంది. విడాకుల డిక్రీ బ్యాంకును కట్టిపడేయదు. సంఘానికి గానీ బ్యాంకుకు గానీ సంతకం పెట్టినవాళ్లే బాధ్యులు. అందుకే అప్పు ఎవరు కడతారో ఒప్పందంలో రాసుకుంటే చాలదు. వీలైతే డిక్రీకి ముందే కట్టేసి, బకాయి లేదని కాగితం తెచ్చుకోండి. కుదరకపోతే ఆ మేరకు భరణంలో కలిపి అడగండి.

నాలుగో పేజీ భరణం. నెలనెలా ఇవ్వడమా, ఒకేసారి ఇవ్వడమా అన్నది మీ ఇష్టం. మన దగ్గర ఒకేసారి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. "పంట రాగానే ఇస్తా" అన్న మాట మీద ఒప్పందం కట్టకండి. ఈ నేల మీద పంటను నమ్మి ఒక కుటుంబం భవిష్యత్తు రాసిపెట్టలేం. పది లక్షల మాట కంటే చేతికొచ్చే నాలుగు లక్షల డీడీ గట్టిది. డబ్బు మొత్తం మొదటి రోజే ఇచ్చేస్తే ఇచ్చినవాళ్లకు భయం, చివరి దాకా ఇవ్వకపోతే తీసుకునేవాళ్లకు భయం. కొంత కోర్టులో ఇద్దరూ మొదటిసారి హాజరైన రోజు, మిగతాది చివరి రోజున జడ్జిగారి ఎదుట డీడీగా ఇచ్చేలా రాసుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. భరణం బదులు ఎకరమో రెండెకరాలో భూమి ఇస్తానంటే, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆమె పేరు మీద రిజిస్టరై, పాసు పుస్తకంలో పేరు మారేదాకా అది భూమి కాదు, మాట మాత్రమే.

ఇద్దరి మధ్యా పాత కేసులుంటే వాటి సంగతి కూడా రాసుకోవాలి. కానీ ఒక హెచ్చరిక. వరకట్న వేధింపుల కేసు, గృహహింస కేసు "వెనక్కి తీసుకుంటాను" అని ఒప్పందంలో రాసినంత మాత్రాన పోవు. ఏ కోర్టులో ఉన్న కేసును ఆ కోర్టులోనే తేల్చుకోవాలి. కొన్నిటికి హైకోర్టు దాకా వెళ్లాలి. క్రిమినల్ కేసు ఉన్నచోట లాయరు లేకుండా దిగొద్దని నా సలహా.

పిటిషను

ఎక్కడ వేయాలన్నది హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి జరిగిన చోట, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట, ఎదుటివారు ఉంటున్న చోట వేయొచ్చు. భార్య వేసేటట్టయితే తాను ఉంటున్న చోటే వేయొచ్చు. ఈ చివరి వెసులుబాటు 2003లో వచ్చింది. భర్త బెంగళూరులో కూలికో కంపెనీకో వెళ్లి, భార్య పుట్టింట్లో ఉండిపోయిన కుటుంబాలు మన వైపు ఎన్నో. వాళ్లకు ఇది పెద్ద వరం. ఆయన వచ్చి అనంతపురంలో హాజరు కావాలి గానీ, ఆమె బెంగళూరు పరుగెత్తాల్సిన పని లేదు.

పిటిషనులో రాయాల్సింది తక్కువ. ఇద్దరి పేర్లు, వయసు, తండ్రి పేరు, చిరునామా. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆచారం ప్రకారం జరిగింది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారు. కలపడానికి పెద్దలు ప్రయత్నించారని, కుదరలేదని. ఈ అంగీకారం బెదిరింపు వల్లో మోసం వల్లో వచ్చింది కాదని. మీ ఇద్దరూ కుమ్మక్కై కోర్టును మోసం చేయడం లేదని. ఏ కేసులు నడుస్తున్నాయి, ఏవీ లేవా అని. ఆ కోర్టుకే ఎందుకు వచ్చారో. చివర్లో ఒప్పందం షరతులు, ఆ షరతుల ప్రకారం విడాకులు ఇప్పించమని కోరిక. కింద ఇద్దరి సంతకాలు, రాసినదంతా నిజమని ధృవీకరణ. ఇద్దరి అఫిడవిట్లు, ఆధార్ కాపీలు, పెళ్లి ఫోటో, పెళ్లి పత్రిక, ఉంటే మ్యారేజీ సర్టిఫికెట్, వేర్వేరుగా ఉంటున్నట్టు చూపే ఏదో ఒక ఆధారం జతచేయాలి. కారణాల జాబితా రాయొద్దు. "మా ఇద్దరి స్వభావాలు కుదరలేదు" అన్న ఒక్క మాట చాలు. మన కింది కోర్టుల్లో తెలుగు కూడా కోర్టు భాషే, తెలుగులో రాయడానికి సంకోచించకండి.

ఫైలింగ్ సెక్షన్‌లో ఇచ్చాక కాగితాలు ఒకటి రెండు సార్లు రిటర్న్ రావచ్చు. దానికి కంగారు పడకండి, లాయర్ల పిటిషన్లకూ వస్తాయి. లోపం ఏమిటో కాగితం మీదే రాస్తారు. సరిదిద్ది, వాళ్లు చెప్పిన గడువులోగా మళ్లీ ఇవ్వాలి. నంబరు పడితే అది ఎఫ్.సి.ఓ.పి. నంబరు అవుతుంది. దానితోపాటు పదహారు అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు కూడా వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా తేదీ ఫోన్లోనే కనిపిస్తుంది. కోర్టు బయట "నేను చూసిపెడతా, ఇంత ఇవ్వండి" అనేవాళ్లతో మీకు పనిలేదు. రసీదు రాని డబ్బు ఎవరికీ ఇవ్వకండి.

ఒక మధ్యే మార్గం ఉంది. పిటిషను మీరే రాసుకుని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లి ఒకసారి చూసిపెట్టమని అడగండి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. చట్ట సలహా ఇవ్వడం కూడా వాళ్ల పనిలో భాగమే.

కోర్టు రోజు

పదిన్నరకల్లా కోర్టు హాలు దగ్గర ఉండండి. తలుపు పక్కన అంటించిన జాబితాలో మీ నంబరు చూసుకోండి. జవాను పేర్లు పిలుస్తాడు. పలకకపోతే కేసు పక్కకు పోతుంది, అందుకే టీ తాగడానికి ఇద్దరూ ఒకేసారి వెళ్లకండి. పిలవగానే ముందుకు వెళ్లి, నమస్కారం పెట్టి, "మేమే వచ్చాం సార్, లాయరు లేరు" అని చెప్పండి. మేడం అయితే మేడం. జడ్జిగారు ముందు మిమ్మల్ని కలపడానికి ప్రయత్నిస్తారు. అది చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత, మిమ్మల్ని అనుమానించడం కాదు. కౌన్సిలింగ్‌కు పంపవచ్చు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడగవచ్చు. అందరి ముందు మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే తలుపులు మూసి వినమని అడిగే హక్కు మీకుంది.

అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. పెళ్లెప్పుడైంది? ఎన్నాళ్ల నుంచి విడిగా ఉంటున్నారు? ఎవరైనా బలవంతం చేశారా? ఒప్పందంలో ఏముందో మీకు తెలుసా? పిల్లలు ఎవరి దగ్గర? అడిగినదానికే జవాబు చెప్పండి. పెళ్లి నాటి గొడవలు, అత్తగారి మాటలు ఇక్కడ ఎత్తకండి. ఎత్తితే ఎదుటివారు కూడా ఎత్తుతారు. కుదిరిన ఒప్పందం ఆ గదిలోనే విరిగిపోవచ్చు. మీరు చెప్పింది టైపు చేస్తారు. అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి. విన్నాకే సంతకం పెట్టండి.

దీన్ని మొదటి మోషన్ అంటారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. పిటిషను వేసిన రోజు నుంచి ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలలు దాటకముందే ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ గడువు ఎందుకంటే మనసు మారడానికి. మారవచ్చు కూడా. డిక్రీ రాకముందు ఏ ఒక్కరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఆరు నెలల గడువు రద్దు చేయమని కూడా అడగొచ్చు. 2017 సెప్టెంబరులో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, పిల్లల విషయం, డబ్బు విషయం పూర్తిగా తేలిపోయి ఉంటే జడ్జిగారు ఆ గడువును మాఫీ చేయవచ్చు. మొదటి మోషన్ అయిన వారానికి ఆ అర్జీ పెట్టుకోవచ్చు. ఇక్కడ కూడా ఒప్పందం ముందే పూర్తిగా తేల్చుకున్నవాళ్లకే ప్రయోజనం.

బెంగళూరు నుంచో గల్ఫ్ నుంచో రాలేని పరిస్థితి ఉంటే వీడియోలో హాజరు కావడానికి ముందుగా అర్జీ పెట్టి అనుమతి అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారి నిర్ణయం.

ఎదుటివారు ఒప్పుకోకపోతే

అప్పుడు అది పోరాట విడాకులు. హింస, రెండేళ్లుగా వదిలేసి పోవడం, ఇంకొకరితో సంబంధం లాంటి కారణం ఒకటి చూపాలి. సాక్ష్యం చెప్పాలి. ఎదుటి లాయరు చేసే క్రాస్‌కు నిలబడాలి. దీన్ని లాయరు లేకుండా చేయమని నేను చెప్పను. అయితే లాయరుకు డబ్బు లేకపోవడం వేరు, లాయరు లేకపోవడం వేరు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. అదే సెక్షన్‌లో ఇంకో వర్గం ఉంది. తమ తప్పు లేకుండా కష్టాల్లో పడ్డవాళ్ల జాబితాలో వరద, భూకంపం పక్కనే కరువు బాధితుల్ని కూడా చేర్చారు. అనంతపురం రైతు ఆ మాటను గుర్తుపెట్టుకోవాలి. పంట పోయి చేతిలో చిల్లిగవ్వ లేని మగవాడు కూడా ఆ అర్జీ పెట్టుకోవచ్చు. ఇలా కేటాయించిన లాయరుకు మీరు రూపాయి ఇవ్వనక్కర్లేదు.

కేసు నడుస్తుండగా ఖర్చులకు, కోర్టు ఖర్చులకు హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద అడగొచ్చు. ఇప్పుడు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలి. 2020 నవంబరులో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు దేశమంతా దీన్ని తప్పనిసరి చేసింది. భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్క అని కూడా అప్పుడే చెప్పింది.

సమన్లు వస్తే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాచిపెట్టకండి. "పోకపోతే ఏం చేస్తార్లే" అని ఊరుకున్నవాళ్ల మీద వాళ్లు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. ఆ డిక్రీ తేదీ నుంచి ముప్పై రోజుల్లో కొట్టేయమని అడగకపోతే తర్వాత కష్టం. లాయరు దొరకలేదా? మీరే వెళ్లి నిలబడి, "న్యాయ సేవా సంస్థలో అర్జీ పెట్టుకున్నా, వాయిదా ఇప్పించండి" అని అడగండి.

ఇంతవరకూ చెప్పింది హిందూ వివాహాల సంగతి. ముస్లిం కుటుంబాల్లో ఒకేసారి మూడు తలాఖులు చెప్పడం 2017 తర్వాత చెల్లదు, 2019 నుంచి నేరం. భార్య విడిపోవాలనుకుంటే ఖులా ఉంది, 1939 నాటి చట్టం కింద కోర్టుకూ వెళ్లొచ్చు. క్రైస్తవులకు 1869 నాటి చట్టంలో 2001లో పరస్పర అంగీకారం చేర్చారు. రిజిస్ట్రారు దగ్గర ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు ఆ చట్టంలోనే విడాకుల దారి ఉంది. ఎవరిది ఏ చట్టమో తేల్చుకోకుండా పిటిషను రాయకండి. మొదటి వాక్యమే తప్పయితే రిటర్న్ అక్కడే వస్తుంది.

డిక్రీ వచ్చాక

డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది, అడిగి తీసుకోండి. అదనంగా రెండు మూడు సర్టిఫైడ్ కాపీలకు నకలు అర్జీ పెట్టుకోండి. పాస్‌పోర్టుకు, బ్యాంకుకు, మళ్లీ పెళ్లికి, అన్నింటికీ అడుగుతారు. లామినేషన్ చేయించకండి, ముద్రలు చూడాల్సినవాళ్లు అభ్యంతరం చెబుతారు. పరస్పర అంగీకారంతో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు. పోరాడి గెలిచిన డిక్రీ అయితే అప్పీలు గడువు పూర్తిగా తీరేదాకా, కనీసం తొంభై రోజులు, కొత్త పెళ్లి ముహూర్తం పెట్టుకోకండి. అప్పీలు పడితే అది తేలేదాకా ఆగాల్సిందే.

తర్వాత గ్రామ సచివాలయానికి వెళ్లి రైస్ కార్డు విడగొట్టమని అర్జీ ఇవ్వండి. పేరు పాత కార్డులో ఉండిపోతే పథకాలన్నీ ఆ ఇంటి లెక్కలోకే పోతాయి. ఆధార్‌లో చిరునామా మార్చుకోండి. బ్యాంకు ఖాతాలో, ఎల్ఐసీ పాలసీలో, పీఎఫ్‌లో నామినీగా ఎవరి పేరు ఉందో చూసుకోండి. ఇక్కడ చాలామంది పాత పేరే వదిలేస్తారు, మనిషి పోయాక రెండు కుటుంబాలు బ్యాంకు గుమ్మం ముందు నిలబడతాయి. పిల్లల స్కూలు రికార్డుల్లో తల్లిదండ్రుల పేర్లు మార్చాల్సిన పని లేదు. ఒప్పందంలో ఫీజు ఎవరు కట్టాలని రాశారో ఆ పేజీ నకలు ఒకటి స్కూల్లో ఇచ్చి, ఫీజు రసీదులు ఇద్దరికీ పంపమని చెప్పండి.